ఆయిల్ మార్చినప్పుడల్లా ఆ వాషర్ కూడా మార్చాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది మంచిర్యాల. నా దగ్గర 2016 పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. ఇంట్లో నాన్న వాడే ఆక్టివా ఉంది. వారంటీ ఉన్నన్నాళ్లూ కారు కంపెనీ సర్వీస్‌లోనే చేయించేవాణ్ణి. ప్రతి బిల్లులోనూ ‘డ్రెయిన్ ప్లగ్ గ్యాస్కెట్’ అని ఒక లైను ఉండేది, అంటే ఆయిల్ దించే నట్టు కింద వేసే వాషర్. ఇప్పుడు ఇంటి దగ్గర మెకానిక్ అన్న దగ్గర చేయిస్తున్నా. ఆయన పాత వాషరే తుడిచి మళ్లీ వేస్తాడు. అడిగితే ‘ఇరవై ఏళ్ల సంది ఇట్లనే చేస్తున్న, ఏం కాలే’ అన్నాడు. మొన్న ఆయిల్ మార్పించి మూడు వారాలైంది. ఇప్పుడు పొద్దున్నే కారు తీస్తే కింద రూపాయి బిళ్లంత మరక కనిపిస్తోంది. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నట్టు తడిగా ఉంది. అన్నకి చెబితే ‘తీసుకురా, ఇంకో పట్టు వేస్తా’ అన్నాడు. వేయించమంటారా? అసలు ఈ వాషర్లు, రబ్బరు రింగులు ప్రతిసారీ మార్చాల్సిందేనా, లేక బిల్లు పెంచడానికి కంపెనీవాళ్లు చేసే పనా?

జవాబు: ఇంకో పట్టు వేయించకండి. మిగతా ఉత్తరం అంతా నిదానంగా చదువుకోవచ్చు గానీ ఈ ఒక్క మాట మాత్రం ఈ రోజే పట్టించుకోండి.

ఎందుకో చెప్పాలంటే ఆ వాషర్ చేసే పని ఏంటో చూడాలి. చాంబర్ నట్టు తల అడుగు భాగం చూడ్డానికి నున్నగా ఉంటుంది. చాంబర్ మీద అది కూర్చునే చోటూ నున్నగానే ఉంటుంది. గోటితో గీరితే మాత్రం లేత్ మీద తిరిగిన గీతలు తెలుస్తాయి. రెండు గట్టి లోహాలు ఒకదాన్నొకటి ఎంత ఒత్తుకున్నా ఆ గీతల మధ్య సందులు మిగిలే ఉంటాయి, వేడెక్కి పల్చబడ్డ ఆయిల్‌కి ఆ సందు చాలు. అందుకే వాటి మధ్యలో మెత్తనిదాన్ని పెడతారు. రాగి గానీ, అల్యూమినియం గానీ, ఫైబర్ గానీ. నట్టు బిగుస్తుంటే ఆ మెత్తనిది నలిగి, రెండు వైపులా ఉన్న గీతల్లోకి దిగి, ఆ సందులు పూడ్చేస్తుంది. అంటే వాషర్ నలగడానికే పుట్టింది. ఒకసారి నలిగిందంటే దాని ఉద్యోగం అయిపోయినట్టే.

మీ దగ్గర పాతది, కొత్తది రెండూ ఉంటే అరచేతిలో పక్కపక్కన పెట్టి వెలుతురుకి ఏటవాలుగా చూడండి. కొత్తది రెండువైపులా చదునుగా, ఒకే మందంతో ఉంటుంది. పాతదాని మీద నట్టు తల కూర్చున్నంత మేర గుండ్రంగా ఒక పల్లం పడి ఉంటుంది, ఆ పల్లం అంచున సన్నటి కట్ట లేచి ఉంటుంది. తర్వాతిసారి నట్టు తల సరిగ్గా అదే పల్లంలో, అదే కోణంలో కూర్చుంటుందన్న నమ్మకం లేదు. వెంట్రుకవాసి పక్కకి జరిగినా కట్ట మీద కూర్చుంటుంది. ‘తిప్పి వేస్తే సరి’ అంటారు చాలామంది. తిప్పితే ఆ కట్ట చాంబర్ వైపుకి పోతుంది, అంతే తేడా.

రాగి వాషర్‌తో ఇంకో చిక్కు ఉంది. రాగి నలిగేకొద్దీ గట్టిపడుతుంది. బిందెలు కొట్టే కంచరివాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నవాళ్లకి ఇది కొత్త కాదు. రేకుని కొంతసేపు సుత్తితో కొట్టి, మళ్లీ నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చి, అప్పుడు మళ్లీ కొడతారు. కాల్చకుండా కొడుతూనే పోతే అంచులు పగులుతాయి. మీ నట్టు కింది వాషరూ అంతే, మొదటిసారి వెన్నలా నలుగుతుంది, రెండోసారి మొరాయిస్తుంది, మూడోసారికి రాయి అవుతుంది. గట్టిపడ్డ వాషర్‌తో సందు పూడాలంటే మొదటిసారికంటే ఎక్కువ బలం కావాలి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మీ మెకానిక్ అన్న ఇరవై ఏళ్ల అనుభవాన్ని నేను కొట్టిపారేయను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. పాత వాషర్ వేసిన బళ్లలో ఎక్కువ శాతం కారవు. కానీ ఎందుకు కారలేదు? ఆయన చెయ్యి తనకి తెలియకుండానే ప్రతిసారీ కాస్త కాస్త ఎక్కువ పట్టు వేస్తూ వచ్చింది కాబట్టి. స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్‌లో ఆ నట్టుకి కంపెనీ చెప్పిన పట్టు 35 న్యూటన్ మీటర్లు. ఆ లెక్క వర్క్‌షాపు గోడ మీద ఉంటుంది గానీ చేతికి తెలియదు, కాబట్టి ఇలా అనుకోండి: 20 సెంటీమీటర్ల పొడవున్న పానాని అడ్డంగా పెట్టి, దాని చివర 18 కిలోల బరువు వేలాడదీసినంత. ఇంటికొచ్చే పెద్ద నీళ్ల క్యాన్ ఉంటుంది చూడండి, అది నిండుగా ఉంటే 20 కిలోల పైనే తూగుతుంది. దానికంటే కాస్త తక్కువే. మోచెయ్యి ఒక్కటి కదిలితే సరిపోయే పని అది. పడుకుని, కాలు టైరుకి తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి లాగే పని కాదు.

ఎక్కువ పట్టు ప్రతిసారీ పడేది మర మీదే. నట్టు ఉక్కుది, అది చెక్కుచెదరదు. చాంబర్ మర అల్యూమినియంలో కోసిందైతే ప్రతి సర్వీస్‌కీ కొంచెం కొంచెం సాగుతుంది. ఏదో ఒకరోజు బిగుస్తూ బిగుస్తూ ఉన్న నట్టు హఠాత్తుగా తేలికై ఊరికే తిరుగుతుంది. చేత్తో పానా పట్టినవాళ్లెవరూ ఆ తిరుగుడు మర్చిపోరు. కడుపులో ఏదో జారినట్టుంటుంది. నట్టు బయటకి తీస్తే దాని మరల్లో వెండి తీగల్లా అల్యూమినియం పోగులు చుట్టుకుని వస్తాయి. అక్కడినుంచి మరకి హెలికాయిల్ (పోయిన మర చోట కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించడమో, పెద్ద సైజు మర కోసి లావు నట్టు పెట్టడమో, చాంబరే మార్చడమో. వాషర్ ధర టీ, సమోసా ఖర్చులో ముగుస్తుంది, ఈ పని వేలల్లోకి పోతుంది. అందుకే వాషర్ మార్చమనేది కారుతుందన్న భయంతో కాదు, మర నిలవాలని.

ఈ లెక్కలో మీ కారుకంటే నాన్నగారి ఆక్టివా గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. స్కూటర్‌కి విడిగా చాంబర్ ఉండదు, అల్యూమినియం పోత పోసిన ఇంజిన్ కేసే చాంబర్. అక్కడ మర పోతే ఇంజిన్ కేసుకే దెబ్బ. స్కూటర్ నట్టు చిన్నది, దానికి కావలసిన పట్టు కారుకంటే ఇంకా తక్కువ. కారుకి వాడిన పొడుగు పానా, అదే ఊపు స్కూటర్ మీద చూపిస్తారు మనవాళ్లు. గేర్ ఆయిల్ దించే బోల్టు, మట్టం చూసే బోల్టు వెనక చక్రం దగ్గర వేరే ఉంటాయి. అవి ఇంకా సన్నం, వాటి వాషర్లు చొక్కా గుండీ అంత ఉంటాయి. అన్నిటికంటే ముందు మర పోయేది అక్కడే. ఆక్టివాలో ఆయిల్ జాలీ ఉంటుంది, స్ప్రింగుతో మూత కింద. దాని మూతకి రబ్బరు రింగు ఉంటుంది. జాలీ కడగడానికి మూత తీశారంటే ఆ రింగు మార్చేయండి. తీయలేదంటే ముట్టుకోవద్దు.

ఇక రబ్బరు సంగతికొద్దాం. ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ చూసి ఉంటారు. కొత్తలో గుండ్రంగా, నొక్కితే తిరిగి లేస్తుంది. ఏడాది తర్వాత పలకబారి, బిగుసుకుపోయి, ఆవిరి పక్కనుంచి పోతుంది. అమ్మలు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఇంకో నెల లాగుతారు. ఇంజిన్ రింగుకి ఆ అవకాశం లేదు. రోజూ నూరు డిగ్రీల వేడి ఆయిల్‌లో ఉడికి చల్లారే రబ్బరు గుండ్రతనం పోగొట్టుకుని ఒకవైపు పలకబారుతుంది. తీసి రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే, లేదా వంచినది వంచినట్టే కాసేపు నిలిచిపోతే దాని ఆయుష్షు తీరింది.

వాషర్‌కీ ఫిల్టర్ రబ్బరుకీ ఉన్న పెద్ద తేడా చాలామందికి తెలియదు. చాంబర్ నట్టు మీద పంపు ఒత్తిడి ఉండదు, పైన నిలిచిన ఆయిల్ బరువు మాత్రమే. అందుకే అక్కడ తప్పు చేస్తే చుక్కలుగా కారుతుంది, మీకు అయినట్టు రూపాయి బిళ్లంత. ఫిల్టర్ అలా కాదు. పంపు తోసే ఆయిల్ అంతా దానిలోంచే పోవాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అక్కడి ఒత్తిడి కారు టైరులో గాలి కంటే ఎక్కువే ఉంటుంది. అక్కడ రబ్బరు తప్పితే చుక్కలు కావు, ధార.

పని నేర్చుకుంటున్న రోజుల్లో నేనే చేశాను ఈ తప్పు. ఓ వ్యాన్‌కి పాత ఫిల్టర్ తిప్పి తీశాను, కొత్తది బిగించాను, ఆయిల్ పోశాను. పాత ఫిల్టర్ చేతికొచ్చింది గానీ దాని నల్ల రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందని చూడలేదు. నలుపు మీద నలుపు, దానికి తోడు ఆయిల్ మడ్డి, కంటికి ఆనదు. దాని మీదే కొత్త రింగు కూర్చుంది. స్టార్ట్ చేయమన్నాను. పదంకెలు లెక్కపెట్టేలోగా షెడ్డు నేలంతా కొత్త ఆయిల్. ఇంజిన్ కట్టేయమని అరిచిన నా గొంతు పక్క షెడ్డువాళ్లు చాలాకాలం అనుకరించారు. అప్పట్నుంచి పాత ఫిల్టర్ తీయగానే దాన్ని వెల్లకిలా తిప్పి రింగు దానితోనే వచ్చిందా అని చూడటం అలవాటైంది. మీరూ చూడండి. పక్కన నిలబడి ‘అన్నా, రింగు వచ్చిందా?’ అని అడగడానికి మొహమాటపడకండి.

మీ స్విఫ్ట్‌కి డబ్బాలా ఉండే ఫిల్టర్ వస్తుంది. రబ్బరు దానికే అమర్చి ఉంటుంది కాబట్టి విడిగా కొనక్కర్లేదు. వేలితో కొంచెం కొత్త ఆయిల్ ఆ రింగు చుట్టూ రాసి, రబ్బరు ఆనేదాకా చేత్తో తిప్పి, అక్కడినుంచి ముప్పావు చుట్టు. ఆయిల్ రాయకుండా పొడిగా బిగిస్తే రబ్బరు మెలిపడి ముడుచుకుంటుంది. అదే డీజిల్ స్విఫ్ట్ అయితే కథ వేరు. దాంట్లో కాగితం ఎలిమెంట్ ఒక ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. ఆ మూత రింగు కొత్త ఎలిమెంట్‌తో పాటే వస్తుంది. కొత్త రింగు పెట్టె అడుగునే మిగిలిపోయి, పాతదాంతోనే మూత బిగించేసిన సందర్భాలు నేను చాలా చూశాను. పెట్టె పారేసేముందు ఒకసారి దులిపి చూడండి. పల్సర్, బుల్లెట్ లాంటి బళ్లలో కూడా మూత కింద ఫిల్టర్ వచ్చే మోడళ్లలో ఇంతే. రింగులు కిట్‌లోనే ఉంటాయి, పాతవాటి పక్కన పెట్టి సైజు చూసుకుని వేయాలి.

అంటే నా లెక్క ఇది. ఫిల్టర్ రబ్బరు విషయంలో బేరం లేదు, ప్రతిసారీ కొత్తదే. చాంబర్ వాషర్ కూడా ప్రతిసారీ మార్చండి. కంపెనీ బిల్లులో ఆ లైను దండగ కాదు. వేశారో లేదో తెలియాలంటే పాత వాషర్ చూపించమని అడగండి, అంతే. ఆయిల్ పోసే మూత రబ్బరు, స్కూటర్ డిప్‌స్టిక్ రింగు మాత్రం గట్టిపడినప్పుడు, తడి కనిపించినప్పుడు చాలు. ఇక ‘ఎలాగూ ఆయిల్ మారుస్తున్నాం కదా, ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగూ క్రాంక్ సీలూ మార్చేద్దాం’ అన్నవాడి మాట మాత్రం వినకండి. అవి కారితే మార్చేవి, లేదా ఆ భాగం విప్పినప్పుడు మార్చేవి. కారనిదాన్ని విప్పితే కారడం మొదలుపెట్టే అవకాశమే ఎక్కువ.

వాషర్ దొరకని చోట ఇరుక్కుంటే? రాగిదైతే పాత ఆటోనగర్ చిట్కా ఒకటి ఉంది, మంచిదే. పటకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచండి. ఇనుమైతే అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. వంటింట్లో లైటు ఆపితే ఆ ఎరుపు బాగా తెలుస్తుంది. పైన పట్టిన నల్ల పొట్టుని పాత్రలు తోమే పీచుతో రుద్దేసి, అద్దం మీద పరిచిన సన్నటి ఎమెరీ కాగితం మీద రెండువైపులా కాసేపు అరగదీస్తే దాదాపు కొత్తదే. అల్యూమినియం వాషర్‌తో ఈ ప్రయోగం వద్దు. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, అల్యూమినియం 660కే కరిగిపోతుంది, పైగా కరిగేముందు ఎరుపెక్కి హెచ్చరించదు. చేతిలో ఉన్నది ఉన్నట్టే జారిపోతుంది. ఫైబర్ వాషర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్ని బళ్లకి లోహపు చుట్టు లోపల రబ్బరు అంటించిన వాషర్ వస్తుంది. రబ్బరు పెదవి చెక్కుచెదరకుండా ఉంటే ఒకసారికి నడుస్తుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో నట్టుకే వాషర్ అతికి వస్తుంది, నట్టు మొత్తం మార్చమంటారు.

గమ్ము, టెఫ్లాన్ టేపు వాషర్‌కి బదులు కావు. సిలికాన్ గమ్ము పూసి బిగిస్తే బయటికి కనిపించేంత లోపలికీ పొంగుతుంది. లోపల పొంగింది ఊడి ఆయిల్ జాలీకి అడ్డుపడితే, చుక్క ఆపబోయి ఇంజిన్‌కే ఆయిల్ అందకుండా చేసుకున్నట్టు.

ఇప్పుడు మీ చాంబర్ తడి. అది నట్టు దగ్గరనుంచే అని ముందే తీర్మానించకండి. ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది, కారు నడుస్తుంటే గాలికి వెనక్కీ పోతుంది. పైన ట్యాపెట్ కవర్ దగ్గర ఊరినది కూడా చివరికి నట్టు కొసనే వేలాడుతుంది. ఫిల్టర్ తీసినప్పుడు ఒలికిన ఆయిల్ కూడా రెండు మూడు రోజులు అలాగే చుక్కలు కడుతుంది. కానీ మీకు మూడు వారాలైంది కాబట్టి అది కాదు. పాత బనియన్ గుడ్డకి కొంచెం డీజిల్ అద్ది, నట్టు చుట్టూ, ఫిల్టర్ చుట్టూ, చాంబర్ అంచులు శుభ్రంగా తుడవండి. పూర్తిగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లండి. ఓ ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద నల్లటి చార ఎక్కడ మొదలైందో కళ్లకి కడుతుంది. ఇదంతా జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరి చేయకండి. షెడ్డులో ర్యాంపు మీద చూడండి, లేదా రెండువైపులా స్టాండ్లు వేయండి. ఇటుకలు స్టాండ్లు కావు.

ఈలోగా రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్ చూసుకోండి. రూపాయి బిళ్లంత మరకతో ఇంజిన్ ఏమీ అయిపోదు. మట్టం రెండు గుర్తుల మధ్య ఉన్నంతవరకు కారు నడపండి. మరక పళ్లెమంత అయితే ఆపేయండి.

చార నట్టు దగ్గరే మొదలైతే కొత్త ఆయిల్ కొనక్కర్లేదు. ఉన్నది మూడు వారాల ఆయిలే కదా. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన స్టీలు గిన్నె ఒకటి తీసుకెళ్లండి (వంటకి మళ్లీ వాడేది కాకుండా, ఇంట్లో అడిగి మరీ). ఇంజిన్ మరీ సలసల కాగకుండా గోరువెచ్చగా ఉన్నప్పుడు అందులోకి దించి, గుడ్డ కప్పి ఉంచమనండి. నట్టు తీయగానే పాత వాషర్ దానితోనే వచ్చిందో, చాంబర్‌కి అతుక్కుపోయిందో చూడండి. అతుక్కుపోయినది కనపడక దాని మీదే రెండోది వేసిన బళ్లు ఉంటాయి. మీదీ అదే అయితే కారడానికి కారణం అక్కడే దొరికింది. తర్వాత నట్టు మరలు, చాంబర్ మరలు గుడ్డతో తుడిచి, కొత్త వాషర్ వేసి, నట్టుని ముందు చేత్తోనే చివరిదాకా తిప్పమనండి. మధ్యలో పట్టేస్తే పానా పెట్టనివ్వకండి, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. చేత్తో ఆనిన తర్వాత ఆ 20 సెంటీమీటర్ల పానాతో, నిండు నీళ్ల క్యాన్ కంటే కాస్త తక్కువ బరువు లెక్కన ఒక పట్టు. దించిన ఆయిల్‌ని సన్నటి జాలీలోంచి తిరిగి పోసేయండి.

మీ మోడల్ పేరు చెప్పి, వీలైతే పాతది చూపించి, స్పేర్ పార్టుల దుకాణంలో ‘ఆయిల్ చాంబర్ వాషర్’ అని అడగండి. కారుకి ఐదు, ఆక్టివాకి ఐదు ఒకేసారి తీసుకుని, రెండు కవర్లలో వేసి పైన రాసి డ్యాష్‌బోర్డులో పడేయండి. లోపలి రంధ్రం నట్టుకి సరిగ్గా పట్టాలి. వదులుగా ఉంటే పక్కకి జరిగి కూర్చుంటుంది. ఈసారి మెకానిక్ అన్న కారు కిందికి దూరకముందే ఒకటి చేతిలో పెట్టండి. ఆయనతో వాదించే పని ఉండదు, వాషర్ తేవడానికి బజారుకి పోయే తీరిక లేకే చాలామంది పాతది వేస్తారు.

కొత్త వాషర్ వేశాక కూడా నట్టు దగ్గరే చెమ్మ ఊరుతుంటే చాంబర్ మీద నట్టు కూర్చునే చోట గాటు పడిందేమో వేలితో తడిమి చూడమనండి. అప్పటికీ తేలకపోతే పౌడర్ చార ఫోటో తీసి పంపండి.